ఒక నుఖ్తా, ఒక ఢలాన్, ఒక సీదా గీత

రోజుకు ఐదు పూటలా మనం ఫాతిహా చదువుతాం. అందులో వచ్చే ‘ముస్తఖీమ్’ అనే లఫ్జ్ మన ఇళ్ళల్లో చిన్న పిల్లలకు కూడా నోటికొచ్చు. ముస్తఖీమ్ అంటే సీదా, వంకర లేనిది. అదే లఫ్జ్ ఉర్దూ మీడియం హిసాబ్ కితాబ్‌లోనూ ఉంది. తెలుగు పుస్తకం ‘సరళరేఖ’ అనేదాన్ని ఉర్దూ పుస్తకం ‘ఖత్తె ముస్తఖీమ్’ అంటుంది. బిందువును నుఖ్తా అంటుంది. వాలును ఢలాన్ అంటుంది, కొన్ని పుస్తకాల్లో మైలాన్ అని కూడా ఉంటుంది. సమీకరణాన్ని మసావాత్ అంటుంది. మసావాత్ అంటే బరాబరీ. సఫ్‌లో నవాబు పక్కన కూలీ నిలబడ్డప్పుడు మనం వాడే మాట కూడా ఇదే.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో, డిగ్రీ తెలుగులో చదివాను కాబట్టి ఈ రెండు రకాల మాటలూ నాకు ఇంటి మాటలే. మన పిల్లల సంగతి అలా లేదు. పదో తరగతి దాకా నుఖ్తా, ఢలాన్ అని నేర్చుకున్న అమ్మాయి ఇంటర్‌లో చేరగానే పాయింట్, స్లోప్ అంటారు. లెక్క అదే, పేర్లు మారాయంతే. కానీ ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పరు. ‘హిసాబ్ నాకు రాదు’ అనుకుని వదిలేస్తుంది. ఇంట్లోవాళ్ళు కూడా ‘లెక్కలు మనవల్ల కావులే బేటా’ అనేస్తారు.

ఈ ఒక్క పాఠం తారీఖ్ తెలిస్తే ఆ మాట నోటికి రాదు. అందుకే ఈ రోజు ఒకే ఒక్క లెక్క గురించి రాస్తున్నాను. ఒక నుఖ్తా, ఒక ఢలాన్ తెలిస్తే సీదా గీత మసావాత్ ఎలా రాస్తారు? ఆ లెక్క మన పిల్లల పుస్తకం దాకా ఏయే దారుల్లో వచ్చింది?

ముందు లెక్క

పుస్తకంలో ఇది అక్షరాలతో ఉంటుంది. వై మైనస్ వై వన్ ఈక్వల్ టు ఎమ్ ఇంటూ ఎక్స్ మైనస్ ఎక్స్ వన్ అని పిల్లలు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. అక్షరాలు పక్కన పెడదాం. మొహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ తన కితాబ్ అంతా మాటల్లోనే రాశాడు. ఒక్క గుర్తు కూడా వాడలేదు. మనమూ మాటల్లోనే చేద్దాం.

ఒక చోట నిలబడ్డారనుకోండి. మీకు ఒక నుఖ్తా ఉంది. దాని గుండా ఎన్ని గీతలు గీయొచ్చు? ఎన్నైనా. చక్రం ఆకుల్లా అన్ని వైపులా గీయొచ్చు. నుఖ్తా ఒక్కటే ఉంటే గీత తేలదు.

ఇప్పుడు ఢలాన్ మాత్రమే ఇచ్చారనుకోండి. ఢలాన్ అంటే ఒక అడుగు అడ్డంగా జరిగితే ఎన్ని అడుగులు పైకి లేస్తామో ఆ లెక్క. అడ్డంగా 3 అడుగులు జరిగితే 6 అడుగులు లేచామంటే ఢలాన్ 2. కిందికి దిగితే దానికి మైనస్ పెడతాం. ఒకే ఢలాన్ ఉన్న గీతలు కూడా లెక్కలేనన్ని ఉంటాయి. రైలు పట్టాల్లా పక్కపక్కనే, ఎప్పటికీ కలవకుండా పోతుంటాయి. ఢలాన్ ఒక్కటే ఉన్నా గీత తేలదు.

రెండూ కలిస్తే మాత్రం ఒక్కటే గీత. రెండోది ఉండదు. దాని మసావాత్ ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. గీత మీద మీరు ఎక్కడ ఆగినా, మొదలుపెట్టిన నుఖ్తా నుంచి మీ ఎత్తులో వచ్చిన తేడా, అడ్డంలో వచ్చిన తేడాను ఢలాన్‌తో గుణిస్తే వచ్చేదానికి బరాబర్. పాఠమంతా ఇంతే.

ఉదాహరణకు నుఖ్తా అడ్డం 2, ఎత్తు 3 దగ్గర ఉంది. ఢలాన్ 4. అప్పుడు ఎత్తులోంచి 3 తీసేస్తే వచ్చేది, అడ్డంలోంచి 2 తీసేసి 4తో గుణిస్తే వచ్చేదానికి సమానం. విప్పి రాస్తే, ఎత్తు అంటే 4 అడ్డాలు, అందులోంచి 5 తక్కువ. అడ్డం 2 అయితే 8లోంచి 5 పోగా 3. మన నుఖ్తా దొరికింది. అడ్డం 3 అయితే ఎత్తు 7. ఒక అడుగు జరిగితే 4 పెరిగింది. ఢలాన్ కూడా సరిపోయింది.

ఢలాన్ అసలు పేరు నీడ

ఢలాన్‌ను లెక్కగా కొలవాలన్న అవసరం మన ఉమ్మత్‌కు ఎక్కడ పడింది? మస్జిద్ సహన్‌లో. గడియారాలు లేని రోజుల్లో నమాజ్ వఖ్త్‌ను నీడే చెప్పేది. నిటారుగా పాతిన కర్ర నీడ మధ్యాహ్నం అన్నిటికంటే పొట్టిగా ఉండి, మళ్ళీ పెరగడం మొదలైతే జొహర్ వచ్చినట్టు. ఆ మధ్యాహ్నపు నీడకు పైన ఇంకో కర్ర పొడుగంత నీడ పెరిగితే షాఫయీ మజ్హబ్‌లో అస్ర్ మొదలవుతుంది. రెండు కర్రల పొడుగు పెరిగితే హనఫీలకు అస్ర్.

హైదరాబాద్‌లో ఏడాదికి రెండు రోజులు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కర్ర నీడ కాళ్ళ కిందే మాయమవుతుంది. ఆ రోజు 4 అడుగుల కర్ర పాతితే, నీడ 4 అడుగులైనప్పుడు షాఫయీ అస్ర్, 8 అడుగులైనప్పుడు హనఫీ అస్ర్.

హనఫీ అస్ర్ క్షణాన్ని తీసుకుందాం. కర్ర కొన మీదుగా దూసుకొచ్చే ఎండ కిరణం ఒక సీదా గీత. నుఖ్తా తెలుసు, అది కర్ర కొన. అడ్డం 0, ఎత్తు 4. ఢలాన్ తెలుసు, 8 అడుగులు జరిగేలోపు 4 అడుగులు దిగింది కాబట్టి అడుగుకు అర అడుగు దిగుడు. మసావాత్ సిద్ధం. ఎత్తు అంటే 4లోంచి సగం అడ్డం తక్కువ. కర్రకు 6 అడుగుల దూరంలో, ఆ నీడ దారిలోనే, అడుగు ఎత్తు బకెట్ పెట్టండి. 4లోంచి 3 పోతే 1. కిరణం సరిగ్గా బకెట్ అంచును తాకుతూ పోతుంది. కావాలంటే పెట్టి చూడండి.

నీడను అరబ్బీలో ‘జిల్’ అంటారు. తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో పనిచేసిన హబష్ అల్ హాసిబ్ సూర్యుడి ఎత్తును బట్టి నీడ ఎంతుంటుందో పట్టిక కట్టాడు. పదో శతాబ్దంలో అబుల్ వఫా బూజ్జానీ ఆ పట్టికలను ఇంకా నాజూకుగా తయారుచేశాడు. ఈ రోజు పిల్లలు టాన్, కాట్ అని చదివేవి ఈ నీడలే. గోడకు అడ్డంగా పాతిన మేకు గోడ మీద పరిచే నీడ టాన్. నేల మీద నిలబడ్డ కర్ర నీడ కాట్. గీత ఢలాన్ అంటే ఆ గీత నేలతో చేసే కోణం టాన్ కదా. అంటే ఢలాన్ అసలు పేరు నీడే. ఈ ఇల్మ్ లాటిన్‌లోకి వెళ్ళినప్పుడు అక్కడ కూడా ‘అంబ్రా’ అన్నారు. అదీ నీడే. ‘టాంజెంట్’ అన్న పేరు 1583లో థామస్ ఫింకె అనే ఆయన పెట్టాడు. పేరు మారింది, నీడ మరుగున పడింది.

అబూ రైహాన్ అల్ బీరూనీ నీడల మీదే ఒక పూర్తి కితాబ్ రాశాడు. నమాజ్ వఖ్త్‌ల నుంచి పట్టికల దాకా అందులో అన్నీ ఉన్నాయి. ఇంకో కితాబ్‌లో గజ్నీ నగరానికి ఖిబ్లా ఎటో తేల్చడానికి పూనుకున్నాడు. ఖిబ్లా తెలియాలంటే ఊళ్ళ మధ్య దూరాలు కావాలి, దూరాలకు భూమి కొలత కావాలి. పంజాబ్‌లోని నందనా కోట దగ్గర, ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది, కొండెక్కి, ఆకాశం నేలను కలిసే చోటుకు చూపు ఎంత కిందికి వాలుతుందో కొలిచాడు. ఒక డిగ్రీలో 60 భాగాలుంటే అందులో 34 భాగాల వాలు. కొండ ఎత్తు, ఆ చిన్న వాలు. ఈ రెంటితోనే భూమి ఎంత పెద్దదో లెక్కగట్టాడు. కొండ కొన ఒక నుఖ్తా, చూపు వాలు ఒక ఢలాన్.

అల్ జబ్ర్: విరిగిన ఎముక కట్టడం

నీడ వల్ల ఢలాన్ వచ్చింది. మరి మసావాత్ ఎక్కడి నుంచి వచ్చింది?

ఖలీఫా మామూన్ కాలంలో, అంటే 813 నుంచి 833 మధ్యలో, బగ్దాద్ బైతుల్ హిక్మాలో పనిచేస్తున్న ఖ్వారిజ్మీ ‘అల్ జబ్ర్ వల్ ముఖాబలా’ కితాబ్ రాశాడు. ఎవరి కోసం రాశాడో ముందుమాటలోనే చెప్పాడు. విరాసత్ పంచుకునేవాళ్ళకు, వసియత్ అమలుచేసేవాళ్ళకు, వ్యాపారం చేసేవాళ్ళకు, భూములు కొలిచేవాళ్ళకు, కాలువలు తవ్వేవాళ్ళకు. కితాబ్‌లో పెద్ద భాగం విరాసత్ లెక్కలే. చనిపోయిన మనిషి ఆస్తిలో భార్యకెంత, తల్లికెంత, కూతురికెంత, బయటివాళ్ళకు రాసిన వసియత్ పోగా మిగిలేదెంత అన్న చిక్కులు. కూతురి హిస్సా పైసాతో సహా తేల్చడానికి పుట్టిన ఇల్మ్ ఇది. కూతురి హిస్సా మాట ఎత్తితే ముఖం తిప్పుకునే ఇళ్ళు మనలో ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్ళల్లో అల్‌జీబ్రా మాది అని చెప్పుకోవడం ఏం బాగుంటుంది?

జబ్ర్ అంటే విరిగినదాన్ని కట్టి మళ్ళీ నిలబెట్టడం. ఎముకలు కట్టడానికీ ఇదే మాట. లెక్కలో ఒక వైపు ‘తక్కువ’ అన్నది ఉంటే దాన్ని రెండో వైపుకు చేర్చి పూర్తిచేయడం. ముఖాబలా అంటే ఎదురెదురు పెట్టడం. రెండు వైపులా ఒకే రకం సరుకు ఉంటే రెంటిలోంచీ తీసేయడం.

మన నీడ లెక్కలోనే జబ్ర్ చూడండి. ఎత్తు అంటే 4లోంచి సగం అడ్డం తక్కువ. కిరణం నేలను ఎక్కడ తాకుతుంది? అక్కడ ఎత్తు సున్నా. సున్నా బరాబర్ 4లోంచి సగం అడ్డం తక్కువ. ఆ ‘తక్కువ’ను రెండో వైపుకు చేర్చితే సగం అడ్డం బరాబర్ 4. అడ్డం 8. నీడ పొడుగు 8 అడుగులు. జబ్ర్ అయిపోయింది.

ముఖాబలాకు ఒక గుట్టను తీసుకుందాం. గుట్ట ఎక్కకుండా దాని ఎత్తు కనుక్కోవాలి. ఒక చోట నిలబడి చూస్తే శిఖరం వైపు చూపు ఢలాన్ 1. అక్కడి నుంచి 100 అడుగులు వెనక్కి నడిచి చూస్తే ఢలాన్ సగం. రెండు నుఖ్తాలు, రెండు ఢలాన్‌లు, రెండు గీతలు. మొదటి గీత చెప్పేది, ఎత్తు బరాబర్ అడ్డం. రెండో గీత చెప్పేది, ఎత్తు బరాబర్ అడ్డానికి 100 కలిపి సగం చేసింది. శిఖరం రెండు గీతల మీదా ఉంది కాబట్టి రెండు ఎత్తులూ ఒకటే. సగం పోవడానికి రెండు వైపులా రెట్టింపు చేస్తే, రెండు అడ్డాలు బరాబర్ ఒక అడ్డం, పైన 100. రెండు వైపుల్లోంచీ ఒక్కో అడ్డం తీసేయండి. అడ్డం 100. కాబట్టి గుట్ట ఎత్తు 100 అడుగులు. ముఖాబలా అయిపోయింది. ఇంటర్ పిల్లలు రెండు గీతలు కలిసే చోటు కనుక్కునే లెక్క ఇదే.

గొప్పలు వద్దు, పూర్తి తారీఖ్ కావాలి

ఇక్కడ ఆపేస్తే వాట్సాప్‌లో తిరగడానికి బాగుంటుంది. ‘గణితమంతా ముసల్మానులే కనిపెట్టారు’ అని రాసి పంపొచ్చు. కానీ అది తారీఖ్ కాదు. ఖ్వారిజ్మీ అలా అనుకోలేదు. ఆయన ఒక కితాబ్‌లో 1 నుంచి 9 దాకా అంకెలతో, సున్నాతో లెక్క చేసే పద్ధతిని వివరించాడు. అది హింద్ వాళ్ళ లెక్క అని సాఫ్‌గా చెప్పాడు. 499లో ఆర్యభటుడు జ్యా పట్టిక కట్టాడు, కర్ర నీడల లెక్కలు చేశాడు. 628లో బ్రహ్మగుప్తుడు రాసిన గ్రంథం ఎనిమిదో శతాబ్దంలో బగ్దాద్ దర్బార్‌కు చేరి అరబ్బీలోకి తర్జుమా అయ్యింది. సంస్కృతం ‘జ్యా’ అరబ్బీలో ‘జీబా’ అయ్యింది. అచ్చులు రాయని లిపిలో దాన్ని ‘జైబ్’ అని చదివారు. జైబ్ అంటే చొక్కా మెడ దగ్గరి చీలిక, మన జేబు. లాటిన్‌వాళ్ళు దాన్ని తర్జుమా చేసి ‘సైనస్’ అన్నారు. మన పిల్లలు చదివే సైన్ అదే. తెలుగు పుస్తకంలో వృత్తంలో గీసే గీతను ఇప్పటికీ జ్యా అంటారు. మన జేబూ, తెలుగు పుస్తకంలోని జ్యా, ఇంగ్లీషు సైన్ మూడూ ఒకే దారిలో ముడిపడ్డాయి. బీరూనీ అయితే సంస్కృతం నేర్చుకుని, పండితుల దగ్గర కూర్చుని హింద్ మీద పెద్ద కితాబే రాశాడు. యూనానీ జామితి లేకపోతే ఇందులో ఏదీ నిలబడదు.

గీతనూ మసావాత్‌నూ ఒక్కటి చేసిన పని కూడా ఒక్కరిది కాదు. మన ఉమర్ ఖయ్యామ్, 1048లో నైషాపూర్‌లో పుట్టినవాడు, రుబాయిల కంటే ముందు రియాజీ మనిషి. మూడో ఘాతం ఉన్న మసావాత్‌లను వంకర గీతలు ఒకదాన్నొకటి ఖండించుకునే చోట్లతో పరిష్కరించాడు. జబ్ర్ ప్రశ్న వేస్తే జామితి జవాబు చెప్పింది. పెద్ద అడుగే. కానీ ప్రతి నుఖ్తాకు రెండు అంకెలు ఇచ్చి, ప్రతి గీతకూ ఒక మసావాత్ రాయడం ఆయన చేయలేదు.

అది పదిహేడో శతాబ్దం ఫ్రాన్స్‌లో జరిగింది. రెనె డెకార్ట్ 1637లో తన జామితి పుస్తకం అచ్చువేశాడు. ఆ రోజుల్లోనే పియర్ ద ఫెర్మా అనే వకీలు, తెలియని సంగతులు రెండుండి, ఘాతం ఒకటే అయిన ప్రతి మసావాత్ ఒక సీదా గీతేనని చూపించాడు. ఆయన రాసింది ఆయన పోయాక, 1679లో అచ్చయింది. ఖయ్యామ్ జబ్ర్ కితాబ్ ఫ్రెంచి తర్జుమాతో పారిస్‌లో అచ్చయింది 1851లో. కాబట్టి డెకార్ట్ ఖయ్యామ్‌ను చూసి రాశాడని చెప్పడానికి సబూత్ లేదు. లేని సబూత్‌తో గొప్పలు చెప్పుకోవడం ఇల్మ్‌కే తౌహీన్.

చిల్లర వ్యాపారి కొడుకు

ఒక నుఖ్తా, ఒక ఢలాన్ ఇస్తే గీత మసావాత్ అన్న రూపం ఈ రోజు పుస్తకంలో ఉన్నట్టు కనబడేది ఇంకా తర్వాత, పద్దెనిమిదో శతాబ్దం చివర్లో. గాస్పర్ మోంజ్ అనే ఫ్రెంచి ఉస్తాద్ రాతల్లో. ఈయన 1746లో బోన్ అనే చిన్న ఊళ్ళో ఒక చిల్లర వ్యాపారి ఇంట్లో పుట్టాడు. మెజియేర్ అనే ఊళ్ళోని ఫౌజీ ఇంజినీరింగ్ బడిలో ఆఫీసర్ చదువు ఖాందానీ కుటుంబాల పిల్లలకే. వ్యాపారి కొడుకుకు నక్షాలు గీసే పని మాత్రమే ఇచ్చారు. శత్రువు ఫిరంగి ఎక్కడి నుంచి పేల్చినా కోట లోపలివాళ్ళకు తగలకుండా గోడ ఎంత ఎత్తు కట్టాలన్న లెక్క ఒకటి ఆయన చేతికి వచ్చింది. మామూలుగా అంకెలతో చాలా రోజులు పట్టే ఆ లెక్కను ఆయన గీతలతో తొందరగా చేసి ఇచ్చాడు. ఇంత తొందరగా ఎలా అవుతుందని అధికారి మొదట చూడటానికే ఒప్పుకోలేదట. చూశాక అదే బడిలో పాఠాలు చెప్పే స్థాయికి వచ్చాడు.

ఒక గీతకు నిటారుగా నిలిచే గీత ఢలాన్ ఎలా రాయాలో కూడా మోంజ్ రాతల్లో ఉంది. రెండు ఢలాన్‌లను గుణిస్తే మైనస్ 1 రావాలి. ఈ సంగతి మనకు కాసేపట్లో పనికొస్తుంది.

1798లో నెపోలియన్ ఫౌజ్‌తో పాటు మోంజ్ మిస్ర్ వెళ్ళాడు. ఖైరోలో ఫ్రెంచివాళ్ళు పెట్టిన ఇల్మీ సంస్థకు ఆయనే మొదటి సదర్. నీడల పట్టికలతో నమాజ్ వఖ్త్‌లు తేల్చే ముఅఖ్ఖిత్‌లు శతాబ్దాల పాటు పనిచేసిన షహర్ అది. అదే ఏడాది అక్టోబర్‌లో జనం తిరగబడితే ఫ్రెంచి ఫిరంగులు అల్ అజ్హర్ మీద కురిశాయి. ఇల్మ్ ఒక్కోసారి తర్జుమా దారిలో వస్తుంది, ఒక్కోసారి తోపుల వెనక వస్తుంది. మోంజ్ లెక్కకు పుట్టిల్లు ఫిరంగి దెబ్బ తప్పించుకునే కోట గోడ. మన నీడ లెక్కకు పుట్టిల్లు మస్జిద్ సహన్. ఇప్పుడు రెండూ ఒకే పాఠంలో ఉన్నాయి.

దక్కన్‌లో తర్జుమా

మన దగ్గరికొస్తే, పంతొమ్మిదో శతాబ్దంలోనే హైదరాబాద్ అమీరుడు షమ్సుల్ ఉమరా ఫఖ్రుద్దీన్ ఖాన్ యూరప్ సైన్స్ పుస్తకాలను ఉర్దూలోకి తర్జుమా చేయించి అచ్చువేయించాడు. 1917లో దారుల్ తర్జుమా పెట్టారు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది. పై చదువుల రియాజీ అంతా ఉర్దూలో చెప్పాలి కాబట్టి వేలకొద్దీ ఇస్తిలాహ్‌లు, అంటే శాస్త్ర పదాలు తయారుచేశారు. కొన్ని పాత అరబ్బీ నుంచి, కొన్ని ఫార్సీ నుంచి, కొన్ని ఇక్కడి బోలీ నుంచి తీసుకున్నారు. 1948 తర్వాత ఆ యూనివర్సిటీలో ఉర్దూ మాధ్యమం పోయింది. ఆ పదాల్లో చాలా మటుకు అల్మారాల్లో ఉండిపోయాయి. బడి పుస్తకాల్లో కొన్ని బతికి ఉన్నాయి.

నేను ఉర్దూ మీడియమే గొప్పదనో, ఇంగ్లీషు వద్దనో అనడం లేదు. పిల్లలు ఏ మీడియంలోనైనా చదవనివ్వండి. మీడియం మారినప్పుడు మాత్రం ఒక కాగితం మీద మూడు వరసలు రాసివ్వండి. నుఖ్తా, బిందువు, పాయింట్. ఢలాన్, వాలు, స్లోప్. మసావాత్, సమీకరణం, ఈక్వేషన్. ఖత్తె ముస్తఖీమ్, సరళరేఖ, స్ట్రెయిట్ లైన్. గోడకు అతికించండి. ఇరవై, ముప్పై మాటలు చాలు. బాగ్దాద్‌లో తర్జుమా చేసినవాళ్ళు చేసింది కూడా ఇదే. వేరే జబాన్‌లో ఉన్న ఇల్మ్‌కు తమ జబాన్‌లో మాటలు వెతికారు. పరాయిదని వదిలేయలేదు.

జానిమాజ్ ఎటు పరవాలి?

చివరగా ఈ లెక్క మన ఇంట్లో ఎక్కడ పనికొస్తుందో చూద్దాం. కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో గోడలు సరిగ్గా తూర్పు పడమరలకు ఉన్నాయనుకోండి. మరి జానిమాజ్ గోడకు కాస్త ఏటవాలుగా ఎందుకు పరుస్తాం? మన ఊళ్ళ నుంచి కాబా సరిగ్గా పడమర లేదు. పడమర నుంచి కాస్త ఉత్తరానికి ఉంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి అసలు లెక్క గోళం మీద చేయాలి. ఆ దిక్కు తేలాక మన గది నేల మీద అది సీదా గీతే.

నేను లెక్కగట్టి చూస్తే హైదరాబాద్‌లో సుమారు 9 అడుగులు పడమరకు జరిగితే 2 అడుగులు ఉత్తరానికి జరగాలి. గుంటూరులో 4 అడుగులకు 1. కడపలో 10 అడుగులకు 3. ఊరు మారితే ఢలాన్ మారుతుంది. ఒకే ఊళ్ళో ఒక మస్జిద్ నుంచి ఇంకో మస్జిద్‌కు ఢలాన్ మారదు, నుఖ్తా మారుతుంది. మక్కా మస్జిద్‌కు, గల్లీలోని చిన్న మస్జిద్‌కు ఖిబ్లా గీతలు లెక్క ప్రకారం రైలు పట్టాల్లా పక్కపక్కనే పోతాయి.

హైదరాబాద్‌లో గది మధ్యలో ఒక నుఖ్తా పెట్టండి. అక్కడి నుంచి 9 జానెలు పడమరకు, 2 జానెలు ఉత్తరానికి కొలిచి ఇంకో నుఖ్తా పెట్టి రెంటినీ కలపండి. అది ఖిబ్లా గీత. సఫ్ దానికి నిటారుగా ఉండాలి. మోంజ్ చెప్పిన షరతు ఇక్కడ పనిచేస్తుంది. మొదటి నుఖ్తా నుంచే 9 జానెలు ఉత్తరానికి, 2 జానెలు తూర్పుకు కొలిచి కలిపితే సఫ్ గీత వస్తుంది. భుజాలు ఆ గీత మీద బరాబర్‌గా ఉంటే ముఖం తనంతట తానే ఖిబ్లాకు తిరుగుతుంది.

మీరు గీసిన గీత సరైనదో కాదో తేల్చడానికి మళ్ళీ నీడ దగ్గరికే వెళ్ళాలి. ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తికి వస్తాడు. పదమూడో శతాబ్దంలో నసీరుద్దీన్ తూసీ తన కితాబ్‌లో ఈ సంగతి రాశాడు. ఆ క్షణంలో సూర్యుడు కనబడే ప్రతి ఊళ్ళోనూ నిటారు కర్ర నీడ ఖిబ్లా గీత మీదే పడుతుంది. మన గడియారం ప్రకారం అది మే 27 లేదా 28న మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జులై 15 లేదా 16న 2 గంటల 57 నిమిషాలకు. జులైలో మబ్బులుండొచ్చు. మే నెలలో ఎండకు మన దగ్గర కరువు లేదు. ఆ రోజు బచ్చాలందరినీ మిద్దె మీదికి తీసుకెళ్ళండి. ఒక కర్ర, దారానికి కట్టిన రాయి, సుద్దముక్క, స్కేలు చాలు. కర్ర నిటారుగా ఉందో లేదో దారంతో చూసుకోండి. నీడ కొన నుంచి కర్ర మొదలుకు గీత గీయండి. గీత చూపే వైపే ఖిబ్లా. తర్వాత దాని ఢలాన్ పిల్లలతోనే కొలిపించండి. మసావాత్ కూడా వాళ్ళనే రాయమనండి, ఏ మీడియంలో రాస్తే ఆ మీడియంలో.